షాట్ వరకు నిలిచే క్లచ్చు

కోడంబాక్కంలో వరదరాజులు మెచ్చుకున్న మనిషి ఇంకా పుట్టలేదు. హీరోలంటే అతని లెక్కలో విగ్గు పెట్టుకున్న మోకాళ్ల నొప్పులు. డైరెక్టర్లంటే ఉత్త గొంతులు. మబ్బు పోయి ఎండ వచ్చేదాకా యూనిట్ మొత్తాన్ని నిలబెట్టే కెమెరామన్ కనిపిస్తే, "ఎండకి కాల్షీటు ఇచ్చినారా సార్, ఎన్నింటికి వస్తానన్నది?" అని అడిగేవాడు. ఇక టీవీ సీరియళ్ల వాళ్లను అతను మనుషుల్లోనే జమ కట్టలేదు.

ఇంతమందిని చిన్నచూపు చూడటానికి అతనికి దొరికిన ఎత్తు ఒక్కటే. అది ఒక చిన్న ట్రాక్టర్ సీటు.

నిమ్మతోటల్లో చెట్ల మధ్య దూరి దున్నడానికి చేసిన రకం అది. మామూలు ట్రాక్టర్ పక్కన నిలబెడితే దూడలా ఉంటుంది. ఎప్పుడో ఒక తెలుగు సినిమాకి స్టూడియోలో పల్లెటూరి సెట్ వేసినప్పుడు, పెద్ద బండిని చూసి హీరోయిన్ భయపడిందని దీన్ని కొనుక్కొచ్చారు. ఆ సినిమా సగంలో ఆగిపోయింది. తీసినవాళ్లు హైదరాబాదు వెళ్లిపోయారు. ట్రాక్టర్ ఉండిపోయింది. దానికి ట్రాలీ తగిలించి ప్లైవుడ్ గోడలు, కేబుల్ చుట్టలు, వాన సీన్లకి నీళ్ల ట్యాంకు ఒక షూటింగ్ ఫ్లోర్ నుంచి ఇంకో ఫ్లోర్‌కి లాగించడం మొదలుపెట్టారు. దాన్ని నడపడం, చెడితే బాగుచేయడం వరదరాజులు పని. తాతల నాటి నుంచి మద్రాసులోనే పాతుకుపోయిన నాయుళ్ల ఇల్లు అతనిది. ఇంట్లో సగం తెలుగు, సగం తమిళం, కోపం వస్తే రెండూ ఒకేసారి.

మెకానిక్కుగా అతను మంచివాడా అంటే, పని తెలిసినవాడు. ఈ రెండూ ఒకటి కావని స్టూడియోలో ఎవరికీ తెలియలేదు. తెలియాల్సిన అవసరం కూడా వాళ్లకి ఎన్నడూ రాలేదు.

స్టూడియోలో వస్తువుకి ఆయుష్షు షాట్ దాకానే. టేకు తలుపు అంటే ప్లైవుడ్ మీద గోధుమరంగు. రాజుగారి స్తంభం అంటే థర్మోకోల్. వెనక నుంచి చూస్తే మేకులు, సుతిలి తాళ్లు, పాత పోస్టర్లు. కార్పెంటర్ గోడ నిలబెట్టి చెయ్యి తీసేముందు అనే మాట ఒక్కటే: "షాట్‌కి చాలు." డైరెక్టర్ ఓకే అన్నాక ఆ గోడ కూలినా ఎవరూ తిరిగి చూడరు. వరదరాజులు ఈ గోడల్ని చూసి నవ్వేవాడు. అట్టముక్కల బతుకులు అనేవాడు. ట్రాక్టర్ ఇనుము కాబట్టి తను వాళ్లలో ఒకడు కాదని అతని నమ్మకం.

ఆ నమ్మకానికి ముందు చెదలు పట్టించింది చప్పట్లు.

ఒక సినిమాకి సంత సీను తీస్తున్నారు. వందలమంది జనం, ఎద్దులు, మధ్యలోంచి వరదరాజులు తలకి పాగా చుట్టుకొని ట్రాక్టర్ నడుపుకుంటూ పోవాలి. సరిగ్గా అప్పుడు క్లచ్చు జారింది. ఇంజన్ వెనక ఉండే ఆయిల్ సీలు పాతబడి, నూనె బొట్టుబొట్టుగా క్లచ్ ప్లేటు మీదికి కారుతోంది. ఇంజన్ తిరుగుడుని చక్రాలకి అందించేది ఆ ప్లేటే. దాని మీద నూనె పడితే ఇంజన్ అరుస్తుంది, బండి మాత్రం కదలదు. మైకులో డైరెక్టర్ తిట్లు మొదలయ్యాయి. పక్కనే దుమ్ము లేపడానికి తెచ్చిన బస్తా ఉంది. సినిమావాళ్లు నిజం దుమ్ము వాడరు. కళ్లు మండకుండా, ఆడవాళ్లు మొహానికి పూసుకునే ముల్తానీ మట్టి పొడి తెచ్చి పెద్ద ఫ్యాన్ ముందు చల్లుతారు. వరదరాజులు ఆ పొడి రెండు గుప్పిళ్లు తీసుకొని, క్లచ్చు పక్కన ఉండే అరచేయంత మూత విప్పి లోపలికి కొట్టాడు. మట్టి నూనెని పీల్చింది. ప్లేటు పట్టింది. బండి కదిలింది. షాట్ ఓకే. యూనిట్ మొత్తం చప్పట్లు కొట్టింది. మైకులో తిట్టిన గొంతే, "రాజులూ, నువ్వు ఇంజనీరువయ్యా!" అంది.

ఆ సాయంత్రం బండి విప్పి సీలు మార్చి ఉంటే కథ అక్కడితో ముగిసేది. సీలు మార్చాలంటే ట్రాక్టర్‌ని నడుము దగ్గర రెండుగా విడదీయాలి, ఇంజన్ ఒకవైపు, గేరుబాక్సు ఒకవైపు. రెండు మూడు రోజుల పని. గుప్పెడు మట్టితో అయ్యేదానికి ఎవడు చేస్తాడు? మరుసటి వారం ఇంకో గుప్పెడు. ఆ తర్వాత అది మందులా అలవాటైపోయింది. అరిగిన పిన్నుకి కట్టుతీగ చుట్టాడు. పెడల్ రాడ్డు పొట్టిదైతే వాషర్లు పేర్చాడు. ముందు చక్రాలకి పోయే షాఫ్టులో జాయింటు కటకటలాడితే, ఆ షాఫ్టునే విప్పి మూలన పడేసి, "నాలుగు చక్రాలూ లాగేదానికి ఇదేమన్నా కొండా?" అన్నాడు. పైన మాత్రం ప్రతి ఆయుధపూజకీ ఎర్రరంగు కొత్తగా వేసేవాడు. ట్రాక్టర్ కూడా ముందు నుంచి చూడాల్సిన వస్తువైపోయింది.

ఇలా చాలా ఏళ్లు గడిచాయి. స్టూడియో కొంచెం కొంచెంగా అపార్టుమెంట్లుగా మారింది. ఒక ఫ్లోర్ కల్యాణమండపం అయింది. మిగిలిన దాంట్లో అత్తాకోడళ్ల సీరియళ్లు తీశారు. చివరికి ఈ మధ్య స్థలం మొత్తం అమ్ముడుపోయింది. మేనేజర్ అచ్యుతరామయ్య పిలిచి విషయం చెప్పాడు. ఆయన తెనాలి వైపు మనిషి. ఎవరికైనా చెడువార్త చెప్పేముందు కాఫీ తెప్పించే అలవాటు.

"ఏమయ్యా వరదరాజులూ, నెలాఖరుకి గేటు మూసేస్తున్నారు."

"కాఫీ చూసినప్పుడే తెలిసింది సార్. ఇంతకుముందు ఎప్పుడూ ఇప్పించలేదు గదా."

"వెటకారం తర్వాత, ముందు విను. మన కోకిల ఉంది చూడు, సెట్లకి మొక్కలు సప్లై చేసే అమ్మాయి. ఆ ట్రాక్టర్ తను తీసుకుంటానంటోంది. మాధవరంలో నర్సరీ పెద్దది చేసిందట. మట్టి, ఎరువు, కుండీలు లాగించాలట. బండితోపాటు నడిపే మనిషి కూడా కావాలంది. నీ పేరు చెప్పాను."

"ఏమంది?"

"బండి పని చేస్తే మనిషిని కూడా తీసుకుంటానంది. నిండు ట్రాలీతో రెండో ఫ్లోర్ ర్యాంపు ఎక్కించి చూపించమంది. వచ్చే శుక్రవారం వస్తుంది."

కోకిల వరదరాజులుకి ఇరవై ఏళ్లుగా తెలుసు. పెళ్లి సీనుకి అరటిచెట్లు, పాట సీనుకి క్రోటన్లు, డబ్బున్నవాళ్ల ఇంటి సీనుకి కుండీల్లో పామ్ మొక్కలు అద్దెకి ఇచ్చేది. ఇప్పుడు సినిమాలు తగ్గాక షోళింగనల్లూరు ఆఫీసుల్లో మెట్ల పక్కన పెట్టే మొక్కలన్నీ ఆమెవే. అతని లెక్కలో ఆమె కుండీలు మోసే మనిషి, అంతే. ఎదురుపడితే "ఏమ్మా, ఆకులు బాగుండాయా?" అనేవాడు. అదే పలకరింపు, అదే ఎగతాళి.

ఇంట్లో భార్య పరిమళ వార్త విని చేతిలో ఉన్న గరిటె పక్కన పెట్టింది.

"దేవుడు చల్లగా చూసినాడు. నువ్వు ఈసారన్నా బండిని సరింగా చెయ్యి."

"ఆ ఆకులమ్మికి అంత ఎందుకే? ర్యాంపు ఎక్కితే చాలు. ఆ యమ్మకి క్లచ్చుకీ బ్రేకుకీ తేడా తెలుస్తుందా?"

"తెలవకపోతే పోనీ. పనిచేసే బండి ఆయమ్మ దగ్గర ఉంటేనేగా నీకు పని ఉండేది? లేదంటే మా తమ్ముడు చెప్పిందే గతి."

పరిమళ తమ్ముడు చెప్పింది షోళింగనల్లూరు అపార్టుమెంట్లలో సెక్యూరిటీ ఉద్యోగం. నీలం చొక్కా, మెడలో ఈల, గేటులోకి వచ్చే ప్రతి కారుకీ సలాం. క్లచ్చు మీదినుంచి కాలు తీయకుండా ఊరంతా తిరిగే కుర్రవాళ్లకి తను లేచి నిలబడి సలాం కొట్టడం తలుచుకుంటేనే వరదరాజులుకి అన్నం దిగలేదు. యాభై ఎనిమిదేళ్ల మనిషిని ఇంకో స్టూడియో తీసుకోదు. తీసుకోవడానికి స్టూడియోలూ లేవు. మొక్కలమ్మాయి బండి ఒక్కటే అతనికీ ఆ ఈలకీ మధ్య మిగిలింది.

ఇంత తెలిసీ అతను బండి విప్పలేదు. వారమంతా ఖాళీనే. జాకీలు ఉన్నాయి, దిమ్మలు ఉన్నాయి, చేతులూ ఉన్నాయి. అతను ఎర్రరంగు డబ్బా కొని తెచ్చాడు. బానెట్‌కి రెండు పూతలు వేశాడు, చక్రాల మధ్యభాగానికి పసుపురంగు వేశాడు. శుక్రవారం పొద్దున మూత విప్పి, మామూలు కంటే ఎక్కువగా, నాలుగు గుప్పిళ్లు ముల్తానీ మట్టి కొట్టాడు. చేతులు దులుపుకొని, "షాట్‌కి చాలు," అన్నాడు. కార్పెంటర్లని చూసి నవ్విన నోటితోనే అన్నాడు.

కోకిల స్కూటర్ మీద వచ్చింది. నలభై దాటిన మనిషి, చీర మీద మగవాళ్ల చొక్కా తొడుక్కుంది, చెప్పులకి మాధవరం ఎర్రమట్టి. రంగు వైపు చూడలేదు. ట్రాలీలో ఇసుక మూటలు నిండుగా ఉన్నాయో లేదో ఎక్కి చూసింది. దిగి ర్యాంపు పక్కన నిలబడింది.

"కానీ అన్నా."

ట్రాక్టర్ గుర్రుమంది, పొగ వదిలింది, ర్యాంపు ఎక్కింది. ఒక్క కుదుపు లేదు. పైన ఆపి వరదరాజులు వెనక్కి తిరిగి చూశాడు. చప్పట్ల కోసం చూసినట్టే ఉంది ఆ చూపు.

"ఇంకోతూరి," అంది కోకిల.

దిగి మళ్లీ ఎక్కాడు. బాగానే ఎక్కింది.

"ఇప్పుడు మధ్యలో ఆపి, ఆడనుంచి ఎక్కించు."

"సుమ్మా, ఊరికే ఎందుకమ్మా తిప్పేది? చూసినావుగదా రెండుసార్లు."

"మా తోటలో ఏటవాలు మధ్యలోనే కుండీలు దించాల అన్నా. ఆపకుండా ఎట్ట దించేది? కానీ."

మధ్యలో ఆపాడు. మళ్లీ కదిలించేటప్పుడు ఇంజన్ చప్పుడు పెరిగి, ఒక్క క్షణం తర్వాత బండి కదిలింది. ఆ ఒక్క క్షణం వరదరాజులుకి తెలుసు. కోకిల మొహంలో ఏమీ కనిపించలేదు. "ఇంకోతూరి" అంది. ఈసారి రెండు క్షణాలు. ఆ తర్వాత కాలిన వాసన. అచ్యుతరామయ్య ముక్కుకి కండువా అడ్డం పెట్టుకొని, "చాలమ్మా, బండి వేడెక్కింది," అన్నాడు.

"వేడెక్కాల్సిందే గదా సార్. పని చేసేటప్పుడు వేడెక్కదా? వరదన్నా, ఇంకోతూరి."

ఈసారి ర్యాంపు సగంలో ఇంజన్ గొంతు చించుకుంది. ట్రాక్టర్ కదల్లేదు. నిలబడ్డ చోటనే కింది నుంచి పల్చటి పొగ వచ్చింది. వరదరాజులు పెడల్ తొక్కి వదిలాడు, తొక్కి వదిలాడు. ఆఖరికి బ్రేకు మీద నిలబడి ఇంజన్ ఆపేశాడు.

కోకిల బండి కిందికి వంగింది. క్లచ్చు పెట్టె అడుగున ఒక చిన్న రంధ్రం ఉంటుంది, లోపల కారిన నూనె బయటికి పోవడానికి. దాని మూతి దగ్గర లేత పసుపురంగు ముద్ద వేలాడుతోంది. వేలితో తీసి బొటనవేలితో రుద్దింది. వాసన చూసింది. లేచి నిలబడి నవ్వింది, గట్టిగా కాదు.

"దీంట్లోకి కూడానా అన్నా?"

"ఏంది?"

"ఈ మట్టి నాకు తెలవదా? దుమ్ము సీను తీసిన ప్రతిసారీ నా మొక్కలు దీన్ని పూసుకోని ఇంటికొచ్చేవి. ఆకులు ఊపిరాడక చచ్చేవి. ఇరవై ఏండ్లుగా ఒక్కో ఆకూ తుడిచినదాన్ని నేను. నువ్వు దీన్ని ఇంజన్‌కి తినిపిస్తా ఉండావే!"

వరదరాజులు భుజం మీది తువ్వాలు తీసి స్టీరింగు తుడవడం మొదలుపెట్టాడు.

కోకిల అచ్యుతరామయ్య వైపు తిరిగింది. "సార్, బండి ఇనుము బాగానే ఉంది. తీసుకుంటా. మనిషి వద్దు."

"అదేంటమ్మా, మాట ఇచ్చావుగా?"

"బండి పనిచేస్తే అన్నాను. పూందమల్లి సుందర్‌రాజ్ మేస్త్రీ దగ్గర తెరిపిస్తా. ఆయనే ఎవరినన్నా డ్రైవర్ని చూపిస్తాడు."

సుందర్‌రాజ్ అనే పేరు వినగానే వరదరాజులు సీటు మీదినుంచి దిగాడు. సుందర్‌రాజూ అతనూ ఒకే షెడ్డులో పని నేర్చుకున్నారు. సుందర్‌రాజు రైతుల ట్రాక్టర్ల వైపు వెళ్లాడు, ఇతను స్టూడియోకి వచ్చాడు. ఎక్కడ కలిసినా వరదరాజులు, "ఏంరా, పేడ కడుగుతా ఉండావా ఇంకా?" అనేవాడు. పెళ్లిళ్లలో అన్నాడు, చావుల దగ్గర అన్నాడు. ఇప్పుడు ఆ సుందర్‌రాజు ఈ బండిని రెండుగా విడదీస్తాడు. లోపల మట్టి, కట్టుతీగ, వాషర్లు చూస్తాడు. మర్నాటికి పూందమల్లి నుంచి రెడ్‌హిల్స్ దాకా ఉన్న షెడ్లన్నింట్లో టీతోపాటు ఈ కథ కూడా పోస్తారు.

ఉద్యోగం పోయిందన్న మాట కంటే ఇది ముందు గుచ్చుకుంది. అతని తీరు అది. తిండి గురించి తర్వాత ఆలోచిస్తాడు, ఎవరు నవ్వుతారన్నది ముందు.

కోకిల స్కూటర్ స్టార్టు చేస్తుంటే వెళ్లి హ్యాండిల్ పట్టుకున్నాడు.

"అమ్మణ్ణీ, వారం టైమియ్యి. ఈడనే తెరిచి, నేనే అంతా కొత్తగా చేస్తా. కూలీ వద్దు."

"ఇన్నాళ్లూ తెరవనోడివి ఇప్పుడెందుకు తెరుస్తావు?"

ఆ సంగతి ఆమెకి ఒకరు చెప్పాల్సిన అవసరం లేదు. ఇరవై ఏళ్లు సెట్లలో తిరిగిన మనిషికి ఎవరు ఏది ఎవరికి కనపడకుండా దాస్తారో తెలుసు.

"సరే. చెయ్యి. సుందర్‌రాజ్ మేస్త్రీ ఎదురుగా విప్పు. ఆయన చూసి బాగుందంటే నువ్వు కూడా రా. లేదంటే బండి మాత్రం వస్తుంది."

"వాడెందుకమ్మా మధ్యలో?"

"నువ్వు చెప్పేది నేను నమ్మను గాబట్టి."

ఆ రోజు వరదరాజులు ఇంటికి నడిచే వెళ్లాడు. దారిపొడుగునా సుందర్‌రాజుని తిట్టాడు, కోకిలని తిట్టాడు, ఎదురొచ్చిన ఆటోవాళ్లని తిట్టాడు. పరిమళ అంతా విని, "వాడు నవ్వితే ఒకరోజు నవ్వుతాడు. గేటు కాడ సలాం అయితే దినామూ," అంది. ఆమె ఆ మాట అన్నం వడ్డిస్తూ మామూలుగా అనడం అతనికి ఇంకా మంటెక్కించింది.

సోమవారం సుందర్‌రాజు వచ్చాడు. లావుపాటి మనిషి, తెల్ల పంచె, మోటార్‌సైకిల్. చేతులకి మట్టి అంటకుండా వచ్చాడు, అంటే చూడటానికే వచ్చాడు. ఒక ఖాళీ డ్రమ్ము మీద కూర్చున్నాడు. కోకిల నిలబడే ఉంది.

వరదరాజులు ముందుభాగం కింద దిమ్మలు పెట్టాడు, వెనకభాగాన్ని చక్రాల జాకీ మీదికి ఎత్తాడు. వైర్లు, గొట్టాలు, పెడల్ రాడ్లు విప్పాడు. బోల్టులన్నీ తీశాక ఇనప కడ్డీతో సందు చేసి గేరుబాక్సుని వెనక్కి జరిపాడు. బండి నడుము విడింది.

లోపల క్లచ్చు కనపడలేదు. కుంపటి లోపలి భాగంలా గోడలన్నిటికీ గట్టిపడ్డ మట్టి. నూనె తాగి, కాలి, మళ్లీ నూనె తాగి, ఏళ్ల తరబడి పొరలు పొరలుగా పేరుకుంది. అంచుల్లోంచి కట్టుతీగ ముక్క బయటికి పొడుచుకొచ్చింది.

సుందర్‌రాజు కళ్లద్దాలు పెట్టుకొని వంగి చూశాడు. చాలాసేపు చూశాడు.

"వరదా," అన్నాడు నింపాదిగా, "పెండ్లికూతురికి ఫేస్ ప్యాక్ వేసినావు, సరే. మళ్లీ కడగాల్నని ఎవురూ చెప్పలేదా?"

కోకిల కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అచ్యుతరామయ్య ఆఫీసు గుమ్మంలోంచి పక్కకి జరిగి కనపడకుండా నవ్వాడు. వరదరాజులు తలెత్తలేదు. ఉలి తీసుకొని మట్టి గీకడం మొదలుపెట్టాడు. పెచ్చులు పెచ్చులుగా రాలింది. బకెట్ నిండింది.

సుందర్‌రాజు వెళ్లిపోతాడనుకున్నాడు. వెళ్లలేదు. మరుసటి రోజు కూడా వచ్చి ఆ డ్రమ్ము మీదే కూర్చున్నాడు. షెడ్డులో తన పనంతా ఎవరికో అప్పజెప్పి వచ్చినట్టున్నాడు, ఈ వేడుక ఎందుకు వదులుకుంటాడు? వరదరాజులు అతనివైపు చూడకుండా పని చేశాడు. ఆయిల్ సీలు పీకి కొత్తది దించాడు. దాని పెదవి ఎక్కడా గీసుకుపోకుండా వేలికి నూనె రాసుకొని మెల్లగా తట్టాడు. క్లచ్ ప్లేటు లైనింగు రివెట్ల దాకా అరిగిపోయింది, బండి సామాన్ల అంగళ్లుండే పుదుపేటలో కొత్త లైనింగు కొట్టించాడు. ఫ్లైవీలు మొహం గాజులా మెరిసి, గీతలు పడి ఉంది. సాలిగ్రామంలో లేత్ మీద పెట్టి సన్నగా చెక్కించాడు. ప్లేటుని నొక్కి పట్టే ఫింగర్లు అరిగి గుంటలు పడ్డాయి, అవీ కొత్తవి. ఏళ్ల క్రితం మూలన పడేసిన ముందు షాఫ్టు తెచ్చి, తుప్పు పట్టిన జాయింటు కొట్టి తీసి కొత్తది ఎక్కించాడు. ప్లేటుని నడిమధ్యన కూర్చోబెట్టడానికి కొలతకి సరిపోయే కట్టె కావాలంటే, స్టూడియోలో మిగిలిన ఒకే ఒక్క కార్పెంటర్ దాన్ని చేసిచ్చాడు. చేసిచ్చి, అలవాటుగా, "చాలుగదా అన్నా, షాట్‌కి?" అన్నాడు. వరదరాజులు అతన్ని కొట్టినంత పని చేశాడు.

చేతులకి అంతా గుర్తుంది. అదే అతనికి కోపం. ఇన్నాళ్లూ వీటికి ఇది తెలుసు.

చివర్లో ఫ్లైవీలు నడిబొడ్డున కూర్చునే చిన్న బేరింగు మిగిలింది. బొటనవేలంత ఉంటుంది. పెట్రోల్‌తో కడిగి తిప్పాడు. తిరిగింది, కొంచెం గరగరమంది. వినేవాడు దగ్గరగా ఉంటే తప్ప వినపడనంత. ఇంకో రెండేళ్లు నడుస్తుందేమో, నడవదేమో. చెయ్యి దానంతట అదే ఆ బేరింగుని తిరిగి గుంటలోకి తీసుకుపోయింది.

అప్పుడు తలెత్తి చూశాడు. డ్రమ్ము మీద సుందర్‌రాజు టీ తాగుతున్నాడు. మొహం కావాలనే గేటు వైపు తిప్పుకున్నాడు. విన్నాడు. వినీ చూడనట్టు కూర్చున్నాడు. నవ్వినా వరదరాజులు భరించేవాడు. ఈ తిప్పుకున్న మొహాన్ని భరించలేకపోయాడు. పేడ కడిగేవాడు తనమీద జాలిపడుతున్నాడు!

బేరింగుని తుక్కు డబ్బాలోకి విసిరికొట్టాడు.

"యాడికి?" అన్నాడు సుందర్‌రాజు, ఇతను చొక్కా తొడుక్కోవడం చూసి.

"పుదుపేటకి."

"ఇంకో రెండేండ్లు తోలేది గదరా దాంతో."

"నీ బండ్లలో తోలుకో."

మర్నాడు బండి నడుము కలిపాడు. పెడల్‌కి ఉండాల్సిన వదులు ఉంచి రాడ్డు సరిచేశాడు, కట్టుతీగ లేకుండా, వాషర్లు లేకుండా. సుందర్‌రాజు లేచి పంచె ఎగ్గట్టి, చేత్తో పెడల్ నొక్కి చూశాడు. మూత తీసి టార్చిలైటు వేసి చూశాడు. కోకిల అతని మొహం వైపు చూసింది.

"వాడికి పనొచ్చు," అన్నాడు సుందర్‌రాజు. టార్చిలైటు ఆర్పి, "మనిషే సరింగా లేడు. అది నీ ఇష్టం," అన్నాడు.

కోకిల ర్యాంపు ఊసు ఎత్తలేదు. "బండి మాధవరం రావాలిగదా. ఖాళీగా ఎందుకు, నా కుండీలు ఇంకా కొన్ని ఈడ ఉండాయి. వేసుకోని పోదాం," అంది. సెట్లలో మిగిలిపోయిన కుండీలన్నీ ట్రాలీలోకి ఎక్కించింది. ఇసుక మూటల కంటే ఎక్కువే అయ్యాయి.

పొద్దున ట్రాఫిక్ మొదలవకముందే బయలుదేరారు. అలా అనుకున్నారు. కోడంబాక్కం వంతెన ఎక్కేసరికే బస్సులు, ఆటోలు, ఆఫీసు వ్యాన్లు కమ్ముకున్నాయి. ఏటవాలు సగంలో ముందున్న ఒక ఆటో ఎవరినో ఎక్కించుకోవడానికి ఆగింది. వరదరాజులు బ్రేకు కొట్టాడు. నిండు ట్రాలీ వెనక్కి లాగింది. వెనక సిటీ బస్సు ట్రాలీకి అతుక్కునేంత దగ్గరగా వచ్చి హారన్ మీద చెయ్యి తీయలేదు. కోకిల స్కూటర్ పక్కన ఆపి అతని కాలివైపే చూస్తోంది. ఇప్పుడు జారితే వెనక్కి పోవడానికి చోటు లేదు. జేబులో గుప్పెడు మట్టీ లేదు.

క్లచ్చు వదిలాడు. మెల్లగా, పాదం మడమ మీద ఆనించి. ప్లేటు పట్టింది. ఇంజన్ గొంతు ఒక్కసారి దిగి, బరువుని ఎత్తుకొని, ముందుకి నడిచింది. ఆలస్యం లేదు, వాసన లేదు. ట్రాక్టర్ ఆటోని తప్పించుకొని వంతెన నెత్తికి ఎక్కింది.

అక్కడ ఎవరూ చప్పట్లు కొట్టలేదు. బస్సు డ్రైవర్ దాటిపోతూ తమిళంలో ఏదో బూతు అన్నాడు. వరదరాజులు అంతకంటే పెద్దది అన్నాడు.

మాధవరంలో కుండీలు దించాక కోకిల చేతులు కడుక్కుంటూ, "రేపు ఎనిమిదికి వచ్చేయి అన్నా," అంది.

"ఎనిమిదికా? ఎనిమిదికి లేచేది సీరియల్ వాళ్లు. నేను ఆరింటికే ఉంటా."

"ఆరింటికి నీళ్లు పెడతాం. బండికి పనుండదు."

"ఉంటుంది. ఆ వెనక చక్రం సీలు చూసినావా? తడిగా ఉంది. రేపు విప్పాల."

అని, ఆమె ఏమంటుందో వినకుండా, ఏటవాలు మీద కుండీలు వంకరగా పేర్చిన పనివాళ్లని చూసి పళ్లు నూరుకుంటూ వాళ్లవైపు నడిచాడు.